మ్యాచర్ వచ్చిందా?

కామారెడ్డి జిల్లా పిట్లం మండలంలో యాసంగి వడ్లు కోసే రోజుల్లో ఏ కల్లం దగ్గర నిలబడినా ఒక ప్రశ్న చెవిన పడుతుంది: "మ్యాచర్ వచ్చిందా?" అడిగేవాళ్లలో బడి ముఖం చూడనివాళ్లు ఉంటారు, డిగ్రీ చదివి పొలం చేసుకుంటున్నవాళ్లూ ఉంటారు. ఆ మాటకు అర్థమేమిటని మాత్రం ఎవరూ అడగరు. అది ఇంగ్లిష్ 'మాయిశ్చర్'. గింజలో ఉండే తేమ. ప్రభుత్వం కొనే వడ్లలో తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. మహిళా సంఘాలో, సహకార సొసైటీవాళ్లో నడిపే కొనుగోలు కేంద్రంలో చిన్న మిషన్‌లో పిడికెడు గింజలు పోసి చూస్తారు. అంకె 17కు దిగితే కాంటా, అంటే తూకం. దిగకపోతే వడ్లు మళ్లీ ఎండకు.

మన బడుల్లో ఇంగ్లిష్ మాటలు నేర్చుకునే పద్ధతి వేరు. నోటుబుక్కులో ఎడమవైపు ఇంగ్లిష్ మాట, మధ్యలో గీత, కుడివైపు తెలుగు మాట. మాయిశ్చర్, తేమ. హార్వెస్ట్, కోత. సాయిల్, మట్టి. పదేసిసార్లు రాస్తారు, అప్పజెబుతారు. పరీక్ష దాటాక వాటిలో చాలా మటుకు పోతాయి. మిగిలినవాటిని పెట్టి సొంతంగా ఒక వాక్యం రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. నోటుబుక్కే లేని తాతకు నిలిచిన మాట, పదిసార్లు రాసిన మనవరాలికి ఎందుకు నిలవదు? తాతకు తెలివి ఎక్కువై కాదు, మనవరాలికి శ్రద్ధ తక్కువై కాదు. ఇద్దరికీ ఆ మాట పరిచయమైన తీరు వేరు. ఆ తీరు మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు, భాషావేత్తలు నూట నలభై ఏళ్లుగా ప్రయోగాలు చేస్తున్నారు. వాళ్లు ప్రయోగశాలల్లో తేల్చినదాన్ని పిట్లం రైతులు కల్లంలోనే చేసి చూపించారంటే అది అతిశయోక్తి కాదు.

ముందు ఆ మాటనే కొంచెం పట్టి చూద్దాం. వడ్ల తేమను తడి బరువు మీద లెక్కిస్తారు. 17 శాతం అంటే వంద కిలోల వడ్లలో 17 కిలోలు నీరు, 83 కిలోలు గింజ సరుకు. కోత మిషన్ నుంచి దిగిన పచ్చి వడ్లలో 20 శాతం తేమ ఉందనుకోండి. దాన్ని 17కు దింపితే వందకు మూడు కిలోలు తగ్గుతాయని మనకు తోస్తుంది. లెక్క చేస్తే అలా రాదు. 80 కిలోల సరుకు మారదు, అది కొత్త బరువులో 83 శాతం కావాలి కాబట్టి మొత్తం 96.4 కిలోలకు దిగుతుంది. తగ్గేది మూడున్నర కిలోలకు పైనే. మిషన్ పని చేసే సూత్రం కూడా తమాషాగా ఉంటుంది. అది నీటిని నేరుగా చూడదు, గింజల విద్యుత్ గుణాన్ని చూస్తుంది. విద్యుత్ క్షేత్రంలో శక్తిని నిలవ చేసుకునే గుణం నీటికి దాదాపు 80 పాళ్లు ఉంటే, ఎండిన గింజకు అందులో పదోవంతు కూడా ఉండదు. తేమ పెరిగిన కొద్దీ ఆ విలువ పెరుగుతుంది. మిషన్ దాన్ని శాతంగా మార్చి తెర మీద చూపిస్తుంది. తేమ ఎక్కువైతే వడ్లు వేడెక్కుతాయి, బూజు పడతాయి, రంగు మారతాయి, మిల్లులో నూక పెరుగుతుంది. నిబంధన పుట్టింది అందుకే. ఇంగ్లిష్ మాటకు మూలం లాటిన్‌లో 'బూజు పట్టిన' అనే అర్థమున్న పదమై ఉండొచ్చని నిఘంటుకారులు ఊహిస్తారు. వడ్ల విషయంలో ఆ ఊహ భలే అతికింది.

ఇప్పుడు అసలు విచిత్రం. "మ్యాచర్ వచ్చింది" అంటే పిట్లంలో వడ్లు ఎండాయని అర్థం. "మ్యాచర్ రాలేదు" అంటే ఇంకా పచ్చిగా ఉన్నాయని. నిఘంటువు పట్టుకుని కూర్చున్నవాడికి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. తేమ వచ్చిందంటే తడిసిందని కదా అనుకోవాలి! కానీ రైతు నోట ఆ మాట గింజలో నీటికి పేరు కాదు, కాంటాకు అర్హత దొరికే గీతకు పేరు. గీత దగ్గరకు రావడం, రాకపోవడమే అక్కడ సంగతి. 'మెచ్యూర్' అనే ఇంకో ఇంగ్లిష్ మాట శబ్దం కూడా ఇందులో కలిసిపోయిందేమోనని నాకు ఒక అనుమానం. పంట పక్వానికి రావడమనే భావం పక్కనే ఉంది కాబట్టి ఆ రెండూ ఒకదానికొకటి దారి ఇచ్చి ఉండొచ్చు. ఏదేమైనా మాట నోటికి ఎక్కడమే కాదు, ఈ నేలలో దానికొక వాడుక స్థిరపడింది. ఏ క్రియతో కలవాలో, ఏ సందర్భంలో అనాలో అందరికీ ఒకేలా తెలుసు.

ఒక మాట తెలియడమంటే ఇదే. న్యూజిలాండ్‌కు చెందిన పాల్ నేషన్ పదసంపద బోధన మీద జీవితమంతా పనిచేసిన భాషావేత్త. ఆయన లెక్కలో మాట తెలియడానికి మూడు ముఖాలున్నాయి: రూపం, అర్థం, వాడుక. వినగానే గుర్తుపట్టడం, పలకగలగడం, రాయగలగడం మొదటిది. అది దేన్ని సూచిస్తుంది, ఏ మాటల్ని గుర్తుకు తెస్తుంది అన్నది రెండోది. ఏ మాటల పక్కన కూర్చుంటుంది, ఎక్కడ అనాలి, ఎక్కడ అనకూడదు అన్నది మూడోది. ఎడమ మాటకు కుడి మాట రాసే నోటుబుక్కు వీటిలో మొదటిదాంట్లో స్పెల్లింగ్‌ను, రెండోదాంట్లో సగాన్ని మాత్రమే ఇస్తుంది. కల్లంలో రైతుకు మూడూ ఒకేసారి అందుతాయి. స్పెల్లింగ్ మాత్రం అందదు, దాని అవసరమూ అతనికి లేదు.

మిషన్ చూపించి 'ఇరవై ఒకటి' అంటే

అమెరికన్ తత్వవేత్త డబ్ల్యు. వి. క్వైన్ 1960లో ఒక చిక్కు వేశాడు. భాష తెలియని దేశంలో ఉన్నావు. పొదలోంచి కుందేలు దూకింది. పక్కనున్న మనిషి "గవగాయ్" అన్నాడు. కుందేలు అన్నాడా, పరుగు అన్నాడా, కూరకు పనికొస్తుంది అన్నాడా? ఒక్క సంఘటనతో తేల్చలేవు అంటాడు క్వైన్.

కొనుగోలు కేంద్రానికి మొదటిసారి వచ్చిన రైతు పరిస్థితి అదే. ఎవరో గింజలు మిషన్‌లో పోశారు. "మాయిశ్చర్ ఇరవై ఒకటి" అన్నారు. మాయిశ్చర్ ఆ మిషన్ పేరా? ఆ అంకె పేరా? వడ్లలో రకమా? వద్దు పొమ్మనడానికి ఇంకో మర్యాద మాటా? ఆ పూటకు తెలియదు. మర్నాడు వేరే కుప్ప దగ్గర అదే మాట, పద్దెనిమిది అంకె. పక్కవాడి కుప్పకు పదహారు, వెంటనే కాంటా. ఇంకో కుప్ప రాత్రి వానకు తడిసింది, అంకె పైకెగిరింది. రోజులు గడిచేకొద్దీ ఒక్కొక్క ఊహా రాలిపోయి చివరికి ఒకటే మిగులుతుంది.

ఇండియానా విశ్వవిద్యాలయంలో చెన్ యు, లిండా స్మిత్ 2007లో సరిగ్గా దీన్నే పరీక్షించారు. తెర మీద ఒకేసారి కొన్ని బొమ్మలు, చెవికి అన్ని కొత్త మాటలు. ఏ మాట ఏ బొమ్మదో చెప్పరు. ఒక్క తెర చూస్తే ఎవరికీ అంతు పట్టదు. కానీ తెర తర్వాత తెర చూస్తూ పోతే, ఏ బొమ్మ ఉన్నప్పుడల్లా ఏ మాట వినిపిస్తోందో మనసు తనకు తెలియకుండానే లెక్క కట్టుకుంటుంది. పెద్దవాళ్లు బాగానే నేర్చుకున్నారు. మరుసటి సంవత్సరం ఏడాది వయసు పసిపిల్లలతో చేస్తే వాళ్లూ నేర్చుకున్నారు. అంటే అర్థం చెప్పేవాళ్లు లేకపోయినా మాట పట్టుబడుతుంది. కావలసింది వేర్వేరు సందర్భాలు. ఒకే వాక్యాన్ని పదిసార్లు రాయిస్తే ఆ పదీ కలిపి ఒక్క సందర్భమే అవుతుంది.

పసిపిల్లలు ఒక్కసారి విని మాట పట్టేస్తారని అంటుంటాం. అందులో సగం నిజముంది. సూసన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ 1978లో ప్రచురించిన ప్రయోగంలో మూడు నాలుగేళ్ల పిల్లల ముందు రెండు ట్రేలు పెట్టారు. ఒకటి నీలం, రెండోది ఆలివ్ కాయ రంగు. "క్రోమియం ట్రే తీసుకురా, నీలంది కాదు" అన్నారు. ఆ రంగుకు నిజంగా ఆ పేరేమీ లేదు, ప్రయోగం కోసం పెట్టినదే. ఒక్కసారి విన్న ఆ మాట చాలామంది పిల్లల మనసులో ఏదో ఒక చోటు సంపాదించుకుంది. ఇది రంగు పేరు, మామూలు ఆకుపచ్చ కాదు అన్నంత వరకు రోజుల తర్వాత కూడా ఆనవాలు మిగిలింది. కానీ ఆ రంగు హద్దులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో తెలుసుకోవడం మాత్రం నత్తనడకన సాగింది. మొదటి పరిచయం క్షణంలో అవుతుంది. మాట సొంతం కావడానికి నెలలు పడుతుంది. మన బడులు మొదటిదాన్ని చూసి రెండోది కూడా అయిపోయిందనుకుంటాయి.

మరిచిపోవడానికీ ఒక లెక్క ఉంది

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల ముక్కలు తయారు చేసుకుని, వాటిని బట్టీ పట్టి, మరిచిపోయి, మళ్లీ పట్టి, తన మీద తానే ప్రయోగాలు చేసుకున్నాడు. 1885లో పుస్తకంగా వేశాడు. మొదటి గంటలోనే సగానికి పైగా జారిపోతుంది. ఒక రోజు తర్వాత మూడో వంతు మిగులుతుంది. అక్కణ్నుంచి జారడం నెమ్మదిస్తుంది. నెల తర్వాత కూడా అయిదో వంతు ఆనవాలు ఉంటుంది. పరీక్షకు ముందు రాత్రి మేలుకుని చదివినవాళ్లందరికీ ఈ గీత అనుభవంలో ఉన్నదే.

దానికి విరుగుడు కూడా ఎబ్బింగ్‌హౌసే సూచించాడు: ఎడం. ఒకే రోజు ఎక్కువసార్లు కాకుండా రోజులు విడిచి చదవడం. ఎంత ఎడం? అమెరికాలో హ్యారీ బహ్రిక్ అనే మనస్తత్వవేత్త కుటుంబంలోని నలుగురు కలిసి ఏళ్ల తరబడి చేసిన ప్రయోగం 1993లో అచ్చయింది. నలుగురూ మూడేసి వందల విదేశీ మాటలు నేర్చుకున్నారు. కొన్నింటిని 14 రోజుల ఎడంతో, కొన్నింటిని 28 రోజుల ఎడంతో, మరికొన్నింటిని 56 రోజుల ఎడంతో చదివారు. తర్వాత అయిదేళ్ల వరకు పరీక్షించుకున్నారు. 56 రోజుల ఎడంతో 13 సార్లు చదివిన మాటలు, 14 రోజుల ఎడంతో 26 సార్లు చదివినవాటికి సమానంగా నిలిచాయి. శ్రమ సగం, ఫలితం అంతే. నేర్చుకునేటప్పుడు మాత్రం ఎక్కువ ఎడం కష్టంగా తోస్తుంది, ప్రతిసారీ కొంత మరిచిపోయి ఉంటాం కాబట్టి. ఆ కష్టమే మేలు చేస్తుంది.

కల్లంలో ఈ ఎడం దానంతటదే వస్తుంది. వానాకాలం పంట ఒకసారి, యాసంగి పంట ఇంకోసారి. మధ్యలో నెలల ఎడం. ప్రతి సీజనులోనూ కొద్ది రోజులు మ్యాచర్ అనే మాట పొద్దున సాయంత్రం వినిపించి, మళ్లీ మాయమై, మళ్లీ వస్తుంది. ఏ పాఠ్యప్రణాళికా ఇంత చక్కగా అమర్చలేదు.

రైతు చేసే ఇంకో పని ఉంది. మిషన్ దగ్గరకు వెళ్లేముందు అతను గింజను పంటి కింద పెట్టి కొరుకుతాడు. టక్కున విరిగితే ఎండినట్టు, మెత్తగా నలిగితే పచ్చి. గుప్పెట్లోకి తీసుకుని చప్పుడు వింటాడు. "పందొమ్మిది ఉంటదిరా" అని మనసులో ఒక అంకె అనుకున్నాకే మిషన్ ముందు నిలబడతాడు. అక్కడ నిజం తెలుస్తుంది. ముందు తనంతట తాను గుర్తు తెచ్చుకోవడం, ఆ వెంటనే ఒప్పో తప్పో తేలడం. నేర్చుకునే శాస్త్రంలో ఇంతకంటే బలమైన మందు లేదని చెప్పాలి. జెఫ్రీ కార్పికీ, హెన్రీ రోడిగర్ 2008లో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు 40 స్వాహిలి మాటలు నేర్చుకున్నారు. అందరూ ఆ రోజుకు అన్నీ నేర్చుకున్నారు. తర్వాత కొందరు వాటిని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి మళ్లీ మళ్లీ పరీక్ష పెట్టుకున్నారు. వారం తర్వాత చూస్తే పరీక్ష పెట్టుకున్నవాళ్లకు సుమారు 80 శాతం గుర్తున్నాయి. ఉత్త చదువు చదివినవాళ్లకు సుమారు 35 శాతం. ఎన్ని గుర్తుంటాయని ముందుగా ఊహించమంటే రెండు గుంపులూ దాదాపు ఒకే అంకె చెప్పాయి. మళ్లీ చదివితే వచ్చినట్టుంటుంది, అదొక భ్రమ. మన పిల్లల్లో మంచి విద్యార్థులు కూడా పడేది ఈ గోతిలోనే.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లిష్‌లో కెథీడ్రల్ అనే మాట ఉంది, పెద్ద చర్చి. నికొలా డ్యుమే, గారెత్ గాస్కెల్ దాన్ని పోలిన 'కెథీడ్రూక్' వంటి లేని మాటలు కొన్ని కల్పించి జనానికి నేర్పారు. కొత్త మాట నిజంగా మనసులోని మాటల గుంపులో చేరితే, పాత మాటను గుర్తుపట్టడం కాస్త ఆలస్యం కావాలి, రెండూ పోటీ పడతాయి కనుక. సాయంత్రం నేర్చుకుని నిద్రపోయి లేచినవాళ్లలో ఆ పోటీ కనిపించింది. పొద్దున నేర్చుకుని పన్నెండు గంటలు మేలుకున్నవాళ్లలో కనిపించలేదు, వాళ్లూ రాత్రి పడుకుని లేచాక కనిపించింది. కొత్త మాట ముందు హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం ఆసరాతో నిలబడుతుందని, నిద్రలో నెమ్మదిగా మెదడు పైపొరల్లోని పాత మాటల మధ్య కుదురుకుంటుందని శాస్త్రవేత్తలు వివరిస్తారు. కాబట్టి మాటలు నేర్చుకునే పిల్లల రాత్రి నిద్ర కోసేయడం లెక్క ప్రకారం నష్టమే.

పక్కన ఎవరున్నారు?

ఇంగ్లండ్ భాషావేత్త జె. ఆర్. ఫర్త్ 1919 నుంచి 1928 దాకా లాహోర్‌లో పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ ఆచార్యుడు. ఒక మాట ఎలాంటిదో దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని ఆయన 1957లో రాశాడు. ఈనాటి కృత్రిమ మేధ భాషను పట్టుకుంటున్నది మూలంలో ఈ ఆలోచనతోనే: కోట్ల వాక్యాల్లో ఏ మాట పక్కన ఏ మాటలు వస్తాయో లెక్కించి ప్రతి మాటకూ ఒక చోటు కేటాయించడం. మనిషి మనసు కోట్ల వాక్యాలు అడగదు, కానీ చేసే పని చాలావరకు అదే.

తేమ దగ్గరే ఉందాం. తెలుగులో మనకు తడి, తేమ, చెమ్మ, చిత్తడి, ఉక్క ఉన్నాయి. ఇంగ్లిష్‌లో వెట్, మాయిస్ట్, డ్యాంప్, హ్యుమిడ్ ఉన్నాయి. ఈ రెండు వరుసల్నీ ఎదురెదురుగా పెట్టి గీతలు గీయబోతే గీతలు చిక్కుపడతాయి. గోడకు చెమ్మ ఎక్కుతుంది, కళ్లు చెమ్మగిల్లుతాయి, రెండు చోట్లా మనకు చెమ్మే. ఇంగ్లిష్ గోడకు డ్యాంప్ అంటుంది. కళ్లకు మాయిస్ట్ అంటుంది. డ్యాంప్‌లో చలి, చిరాకు ఉంటాయి. మాయిస్ట్ చాలాచోట్ల ఇష్టమైన తడి, కేకు మెత్తగా కుదిరినా ఆ మాటే. హ్యుమిడ్ గాలికీ వాతావరణానికీ వాడతారు, బట్టలకు వాడరు. బట్టలు పూర్తిగా తడిస్తే వెట్, సగం ఆరితే డ్యాంప్. 'చెమ్మ ఈక్వల్ టు డ్యాంప్' అని ఒక్క వరుస రాసుకున్న విద్యార్థి, ఏడుస్తున్న తల్లి గురించి రాస్తూ ఆమె కళ్లను చెమ్మ పట్టిన గోడ చేసేస్తాడు.

ఇంకోవైపు నుంచి చూడండి. విత్తనాల షాపువాళ్లు, వ్యవసాయాధికారులు దిగుబడికి 'యీల్డ్' అంటారు. రైతు పిల్లలకు అది పరిచయమే. ఆ మాటే ఇంగ్లిష్‌లో ఒత్తిడికి లొంగడానికి, రోడ్డు మీద దారి ఇవ్వడానికి, బాండు మీద వచ్చే రాబడికి కూడా వస్తుంది. పాత ఇంగ్లిష్‌లో దాని అర్థం చెల్లించడం. ఉన్నది వదిలి ఇవ్వడమనే ఒక్క మొదలు నుంచి పొలం, లొంగుబాటు, రోడ్డు, బాండు నాలుగు కొమ్మలుగా పోయాయి. మన 'పండు' కూడా అలాంటిదే. పంట పండుతుంది, కాయ పండుతుంది, జుట్టు పండుతుంది, గోరింటాకు పెట్టిన చెయ్యి పండుతుంది, నోము పండుతుంది. పంట దగ్గర ఒక్కచోటే యీల్డ్, పండు కలుస్తాయి. మిగతా కొమ్మలన్నీ ఎవరివి వాళ్లవి. పదో తరగతి పిల్లకు ఈ రెండు చెట్లనూ పక్కపక్కన గీసి చూపిస్తే పది నిమిషాలు పడుతుంది. తర్వాత ఆమె ఏ కొత్త మాటనైనా 'నీకు ఇంకెన్ని కొమ్మలున్నాయి' అని అడగడం మొదలుపెడుతుంది.

ఈ ప్రాంతానికి పరాయి మాటలు కొత్త కాదు. పిట్లం నుంచి మద్నూర్, జుక్కల్ వైపు పోతే మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు. మరాఠీ, కన్నడం, తండాల్లో లంబాడీ, సంతల్లో ఉర్దూ. నిజాం కాలంలో పాలన ఉర్దూలో నడిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతోనే మొదలైంది. పాఠ్యపుస్తకాల కోసం అంతకు ముందు ఏడాదే అనువాద శాఖ పెట్టి శాస్త్ర పదాలు కల్పించారు. పహాణీ, రసీదు, హమాలీ, కాంటా అప్పటి పొర. టోకెన్, ఆన్‌లైన్, మ్యాచర్ ఇప్పటి పొర. భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా రైతుల మాటలు సేకరింపజేసి 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చారు. ఇప్పుడు ఎవరైనా ఆ పనికి మళ్లీ పూనుకుంటే మ్యాచర్‌ను అందులో చేర్చకుండా వదల్లేరు.

ఇలా ఇంట్లో ఇప్పటికే ఉన్న ఇంగ్లిష్ మాటలు పిల్లలకు పెట్టుబడి. జపాన్‌లో పనిచేసిన ఫ్రాంక్ డాల్టన్ ఇంగ్లిష్‌లో అతి తరచుగా వచ్చే మూడు వేల పద కుటుంబాల్లో దాదాపు సగానికి జపనీస్‌లో అరువు మాట ఉందని లెక్క తేల్చి 2008లో పుస్తకం రాశాడు. తెలుగుకు అలాంటి లెక్క ఎవరైనా కడితే బాగుండును. బస్సు, స్విచ్, లైను, టెస్టు, లోను, సీజను... ఒకటో తరగతిలో చేరేనాటికే ఎన్నో చెవిలో ఉంటాయి. జాగ్రత్త పడాల్సినదల్లా దారి మారిన వాటి దగ్గర. మనకు హోటల్ అంటే టిఫిన్ దొరికేచోటు, ఇంగ్లిష్‌లో రాత్రి బస చేసేచోటు. మనకు డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న, వాళ్లకు నమ్మకం లేకపోవడం. 'ఫీలయ్యాడు' అంటే మనకు నొచ్చుకున్నాడని, వాళ్లు ఏం ఫీలయ్యాడో చెప్పేదాకా వాక్యం పూర్తి కాదు.

ఎన్ని మాటలు కావాలి అన్న ప్రశ్నకు పద్ధతిగా జవాబు వెతికినవాళ్లలో ఒకడు కూడా అప్పటి అవిభక్త భారతదేశంలోనే పనిచేశాడు. మైకెల్ వెస్ట్ బెంగాల్‌లో, ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణలో ఉంటూ పిల్లలు ఇంగ్లిష్ వాచకాలు ఎందుకు చదవలేకపోతున్నారో గమనించాడు. అరుదైన మాటలు అడుగడుగునా అడ్డం పడుతున్నాయని, తరచుగా వచ్చే మాటలతోనే వాచకాలు రాయాలని పట్టుబట్టాడు. ఆయన 1953లో ప్రకటించిన పట్టికలో సుమారు రెండు వేల మాటలున్నాయి. మామూలు రాతలో ప్రతి పది మాటల్లో దాదాపు ఎనిమిది వాటిలోవే. కానీ పేపరు, నవల సాయం లేకుండా చదవాలంటే ఎనిమిది తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలని పాల్ నేషన్ 2006లో తేల్చాడు. బడి పాఠం ఒక్కటే అన్ని నేర్పలేదు. మిగతావి చదువుతూ, వింటూ పోగుపడాలి.

మాటల్ని పోటీగా మార్చినవాళ్లూ మనలో ఉన్నారు. చిట్టూరి రత్నం 1989లో అమెరికాలో నార్త్ సౌత్ ఫౌండేషన్ పెట్టారు. భారతదేశంలో పేద విద్యార్థులకు ఉపకారవేతనాలు ఇవ్వడం ఉద్దేశం. 1993 నుంచి ప్రవాస పిల్లలకు స్పెల్లింగ్, పదసంపద పోటీలు పెడుతున్నారు. అక్కడ తర్ఫీదైన పిల్లలు అమెరికా జాతీయ స్పెల్లింగ్ పోటీలో వరుసగా మెరిశారు. 2024లో నల్గొండ మూలాలున్న బృహత్ సోమ 90 సెకన్లలో 29 మాటలకు సరైన అక్షరక్రమం చెప్పి గెలిచాడు. ఆ పోటీవాళ్లు 2021 నుంచి అక్షరక్రమంతో పాటు అర్థం కూడా అడుగుతున్నారు. 2022లో టెక్సస్ అమ్మాయి హరిణి లోగన్ 'పుల్యులేషన్' అంటే జతకట్టిన పక్షులు గూళ్లు కట్టడం అని చెప్పింది. తప్పన్నారు, తేనెటీగలు గుంపుగా ఎగబడటం అని జవాబన్నారు. కొద్దిసేపటికి నిర్ణేతలు మళ్లీ పరిశీలించి, ఆమె చెప్పింది కూడా చెల్లుతుందని వెనక్కి పిలిచారు. ఆ ఏడాది గెలిచింది ఆమే. ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్న చోట, నిఘంటువు ముందు పెట్టుకున్న నిర్ణేతలే ఒక మాట అర్థం దగ్గర తడబడ్డారు. ఒక మాటకు ఒకే జవాబని మన పిల్లల చేతి మీద కొట్టే పెద్దలు ఇది ఒకసారి తలచుకోవాలి.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది. పుస్తకాలు రెండు భాషల్లో, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. మాధ్యమం మంచిదా కాదా అన్న వాదన ఇక్కడ తలకెత్తుకోను. నా మట్టుకు ఆ ఎదురెదురు పేజీలు మంచి వసతి, కానీ వాటిని వాడే తీరు మారాలి. ఎదురు పేజీ చూసి అర్థం రాసుకుంటే అది పాత నోటుబుక్కే. ఎదురు పేజీ మూసి, ఈ పేజీలో ఆ మాట ఏమై ఉంటుందో ఊహించి, తర్వాత తెరిచి సరిచూసుకుంటే అది కార్పికీ చెప్పిన పద్ధతి.

పిట్లం, బిచ్కుంద, నిజాంసాగర్ మండలాల్లో ఇంగ్లిష్ చెప్పే ఉపాధ్యాయులకు, ఇళ్లలో పిల్లల్ని కూర్చోబెట్టి చదివించే అమ్మలకు, అక్కలకు ఒక విన్నపం. వారానికి ఇరవై మాటలు ఇవ్వకండి, ఎనిమిది చాలు. ఒక్కో మాటకు నోటుబుక్కులో ఒక వరుస కాకుండా అరపేజీ వదిలించండి. అందులో మొదటి రోజు అర్థం, తర్వాత ఆ మాట ఎక్కడ కనిపించినా ఆ వాక్యం: సంచి మీద, మందు డబ్బా మీద, బస్సు మీద, ఫోనులో. రేపు ఒకసారి అడగండి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి, రెండు నెలలకు ఇంకోసారి. అడిగేటప్పుడు పుస్తకం మూసి ఉండాలి. జవాబు తప్పయితే కొట్టకండి, వెంటనే సరైనది చెప్పి, మరో రోజు మళ్లీ అడగండి.